లీటరుకు 20 మిల్లీ నూనె

మిల్లులో నేను 31 ఏండ్లు ఆయిలర్ పని చేసినాను. ఆయిలర్ అంటే ఏమో ఈ పత్రిక చదివే పెద్దవాళ్ళకు చెప్పక్కరలేదు. మన పిల్లలకు తెలియదు కాబట్టి రెండు మాటలు రాస్తాను. రింగు ఫ్రేములో వందల స్పిండిళ్ళు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి నిమిషానికి పది వేల చుట్లకు పైన తిరుగుతుంది. నూనె తగ్గితే స్పిండిలు వేడెక్కి ఊగుతుంది, నూలు తెగుతుంది. నూనె ఎక్కువ పోస్తే చింది నూలు మీద మరక పడుతుంది, మేస్త్రీ వచ్చి నిలబెట్టి అడుగుతాడు. ఎంత పోయాల, ఎప్పుడు పోయాల, ఇదే నా పని. నేను చదివింది ఐదో క్లాసు. ఈ లెక్క మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు, చెవితోనూ చేతితోనూ నేర్చుకున్నాను.

మిల్లు వదిలి గుడియాత్తం వచ్చి నెల్లూరుపేట దగ్గర ఉంటున్నాము. పింఛను సంగతి అందరికీ తెలిసిందే. 2014లో కనీసం వెయ్యి రూపాయలు అని పెట్టినారు, నాకు దానికన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. దాంతో ఇల్లు జరగదు. ఇల్లు జరిగేది మా పెద్దమ్మాయి పనితో. ఆమె భర్త పోయి ఆరేండ్లయింది. మగ్గాల ఇండ్ల నుంచి లుంగీలు తెచ్చి, అంచులు కుట్టి, మడత పెట్టి, లేబులు అంటించి, కట్టలు కట్టి యజమాని కొట్లో ఇస్తుంది. గుడియాత్తం లుంగీ అంటే ఊరూరా పేరే, కానీ ఆ పేరు కింద ఎన్ని చేతులు ఉంటాయో కొనేవాళ్ళకు కనిపించదు. పరదరామి రోడ్డు మీద ఒక పల్లె, కొండసముద్రం పక్క ఒక వీధి, టౌనులో రెండు మూడు ఇండ్లు, ఇంత దూరం కట్టలు మోసేది మా టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ బండి. 2009లో కొన్నది. 2024లో పదిహేనేండ్లు నిండితే ఐదేండ్లకు రెన్యువల్ చేయించినాము. ముందు 300 రూపాయలుండే ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి వెయ్యి అయింది. అయినా కట్టినాము. ఎందుకంటే ఈ బండి మాకు ఇంకో మనిషి సంపాదన.

ఈ బండి మరమ్మతు గురించే ఈ నెల రాస్తున్నాను. మన వీధుల్లో ఇంకా ఇలాంటి బండ్లు చాలా ఉన్నాయి. టూ స్ట్రోకు బండి చూసే మెకానిక్కులు మాత్రం తగ్గిపోతున్నారు. ఉన్నవాళ్ళలో సగం మంది "పాత ఇనుముకి వేసేయండి" అంటారు.

మొపెడ్డు మన వాళ్ళకు కొత్త కాదు. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా కంపెనీ వాళ్ళు సువేగ బండి చేసేవాళ్ళు, ఫ్రాన్సు దేశపు మోటోబెకేన్ వాళ్ళ పద్ధతిలో. నా చిన్నప్పుడు చిత్తూరు నుంచి వచ్చే చీటీల ఆయన దగ్గర ఒకటుండేది, అది వస్తే వీధి పిల్లలంతా వెనక పరుగెత్తేవాళ్ళం. తర్వాత పూణే నుంచి లూనా వచ్చింది. 1980లో మన హోసూరులో టీవీఎస్ 50 వచ్చింది, ఇద్దరు కూర్చునేటట్టు. పేదవాడికి మోటారు బండి అంటే అప్పుడే మొదలు అని నేను అనుకుంటాను. పాల క్యాన్లు, గడ్డి మోపులు, గ్యాసు సిలిండర్లు, పెండ్లికూతుర్ని కూడా దాని మీద మోసినారు. ఎక్స్‌ఎల్ సూపర్ దాని పెద్ద తమ్ముడు, 70 సీసీ. 2015లో ఎక్స్‌ఎల్ 100 అని ఫోర్ స్ట్రోకు బండి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 చట్టం వచ్చినాక టూ స్ట్రోకు మొపెడ్లు షోరూములో లేవు.

ఇక్కడే చిక్కు మొదలైంది. ఇప్పటి పిల్లలు ఫోర్ స్ట్రోకు బండ్లతోనే పెరిగినారు. బంకుకు పోతే పెట్రోలు పోయించుకుంటే చాలు అనేది వాళ్ళ లెక్క. మా చెల్లెలి మనవడు ఒకడు ఐటీఐ చదువుతాడు, మంచి పిల్లవాడే. పోయిన మార్గళి నెలలో, పొంగల్‌కు ముందు, నేను వేలూరు ఆస్పత్రికి పోయిన రోజు మా ఇంటికి వచ్చి, "అత్తా, అర్ధ గంటలో తెచ్చిస్తాను" అని బండి తీసుకుపోయినాడు. పెట్రోలు అయిపోతే రెండు వందలకు పోయించుకున్నాడు. నూనె కలపలేదు. వెనకాల ఇంకొకణ్ణి ఎక్కించుకుని పరదరామి రోడ్డు మీద పూర్తి వేగంతో పోయినాడు. కొంత దూరానికి బండి గీర్రుమని శబ్దం చేసి చక్రం పట్టుకుని నిలబడిపోయింది. ఇద్దరూ తోసుకుంటూ చీకటి పడినాక ఇంటికి తెచ్చినారు.

నేను వచ్చేసరికి మా అమ్మాయి గడప మీద కూర్చుని ఉంది. పిల్లవాడు వేపచెట్టు కింద తల వంచుకుని నిలబడినాడు. పొంగల్‌కు ఇవ్వాల్సిన లుంగీ కట్టలు ఇంట్లో గోడకు ఆనించి ఉన్నాయి. ఇంకా తేవాల్సినవి పల్లెలో మగ్గాల దగ్గర ఉన్నాయి. పండగ దాటితే ఆ యజమాని పని వేరే వాళ్ళకు ఇస్తాడు, అది అందరికీ తెలుసు.

"నాయనా, వాణ్ణి ఏమీ అనొద్దు. బండి సంగతి చెప్పు," అనింది.

తెల్లారి ఒక మెకానిక్కు దగ్గరికి తోసుకుపోయినాము. ఆయన కిక్కరు మీద ఒకసారి కాలు పెట్టి చూసి, "ఇంజను పట్టేసింది పెద్దాయనా, ఇది అయిపోయింది. పాత ఇనుముకు మూడు వేలు ఇప్పిస్తాను, కొత్తది డ్యూలో తీసుకోండి," అన్నాడు. కొత్త బండి అరవై వేల దగ్గరికి వచ్చింది. నెలనెలా కట్టేది ఎవరు? మా రెండో అమ్మాయి భర్త దుబాయిలో ఉంటాడు, అతను పంపుతానన్నాడు. కానీ అతనికీ ఇద్దరు పిల్లలు. మా ఆవిడ, "అల్లుడి దగ్గర తీసుకుంటే నోరు ఎత్తలేము," అనింది. నాకూ అదే మాట.

బండిని మళ్ళీ ఇంటికి తోసుకొచ్చినాము. పెరట్లో గోనెపట్టా పరిచి, "విప్పుదాం రా," అన్నాను అమ్మాయితో. పిల్లవాణ్ణి కూడా పిలిచినాను.

టూ స్ట్రోకు ఇంజను ఎందుకు పట్టేస్తుందో వాళ్ళకు చెప్పినట్టే మీకూ చెప్తాను. ఫోర్ స్ట్రోకు ఇంజనుకు కింద నూనె నిలిచి ఉంటుంది, తిరిగేటప్పుడు అది చిమ్మి పిస్టనుకు అందుతుంది. టూ స్ట్రోకులో అలా కుదరదు. ఎందుకంటే గాలీ పెట్రోలూ మొదట ఆ కింద అరలోకే వస్తాయి, పిస్టను కిందికి దిగినప్పుడు పక్కనున్న దారుల్లోంచి పైకి పోతాయి. వాల్వులు లేవు, బ్యారెల్ గోడకు ఉన్న తూట్లే వాల్వులు. ఆ దారిలో నూనె నిలవలేదు కాబట్టి పెట్రోలులోనే కలిపి పంపాలి. అది పోతూ పోతూ బేరింగులకు, రింగులకు, బ్యారెల్ గోడకు పూసుకుని, పైన పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. గేరు పెట్టెలో పోసే నూనె వేరు, అది పిస్టనుకు ఎక్కదు. పెట్రోలులో నూనె లేకుంటే అల్యూమినియం పిస్టను వేడికి ఉబ్బి గోడకు రాసుకుని అంటుకుపోతుంది. ఫోర్ స్ట్రోకులో రెండు చుట్లకు ఒకసారి మంట పడితే దీంట్లో ప్రతి చుట్టుకూ పడుతుంది. చిన్న ఇంజను పెద్ద బరువు లాగేది అందుకే, తొందరగా వేడెక్కేది కూడా అందుకే.

పట్టేసిన ఇంజనును కోపంతో తన్నకూడదు. చల్లారినాక ప్లగ్గు విప్పి, ఆ తూటులోంచి కొంచెం నూనె, కొంచెం కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేసినాము. తెల్లారి మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడిస్తే పిస్టను కదిలింది. అప్పుడు సైలెన్సరు, కార్బొరేటరు విప్పి, హెడ్డు నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేసినాము. ఒకే పక్క నుంచి విప్పితే హెడ్డు వంకర పోతుంది. బ్యారెల్ పైకి లాగంగానే కింద తెరుచుకున్న నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిస్టను పిన్నుకు రెండు పక్కలా సర్క్లిప్పు అని సన్నటి కమ్మీ ఉంటుంది. అది జారి లోపల పడితే ఇంజను మొత్తం రెండుగా చీల్చాల్సిందే. "అత్తా, ముక్కుపుల్ల మాదిరుంది," అన్నాడు పిల్లవాడు. మా అమ్మాయికి ఆరోజు మొదటిసారి నవ్వు వచ్చింది.

పిస్టను సైలెన్సరు పక్క గీతలు పడి ఉంది, ఆ పక్కే వేడి ఎక్కువ. బ్యారెల్ గోడకు అల్యూమినియం మరకలు అంటినాయి. కనెక్టింగు రాడ్డును పట్టుకుని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగి చూసినాను. పక్కలకు కొంచెం ఆడటం సహజం, నిలువుగా టకటకమని ఆడితే కింద బేరింగు పోయినట్టు. ఆడలేదు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. పెద్ద ఖర్చు తప్పింది, పైన పని చాలు.

బ్యారెల్‌ను గుడ్డ సంచిలో పెట్టుకుని వేలూరు బస్సు ఎక్కినాను. కె.వి. కుప్పం, లత్తేరి, కాట్పాడి దాటి పాలారు వంతెన మీదికి వచ్చేసరికి పక్కన కూర్చున్నాయన, "సంచిలో ఏముంది, కిరసనాయిలు వాసన వస్తా ఉంది," అని అడిగినాడు. చెప్తే ఆయన కూడా మిల్లు మనిషే! ఏ ఊరు మిల్లు, ఏ షిఫ్టు అని మాట్లాడుకునేసరికి దిగేచోటు వచ్చేసింది. మనవాళ్ళు ఎక్కడ పోయినా ఇంతే.

లేతు షాపులో ఒక సంగతి గమనించండి. రీబోరు అంటే బ్యారెల్‌ను కొంచెం పెద్దది చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టను వేయడం. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు, ఇలా సైజులు ఉంటాయి. ముందు పిస్టను కొని, దాన్ని బ్యారెల్‌తో పాటు షాపులో ఇవ్వాలి. పిస్టనును కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి, అంతేకానీ బోరు చేసినాక పిస్టను వెతకకూడదు. ఇంకొకటి. బోరు చేసినాక తూట్ల అంచులు కత్తి మాదిరి ఉంటాయి. వాటిని సన్నగా అరగదీసి మొండి చేయమని అడగాలి. లేకుంటే రింగు ఆ అంచుకు తగులుకుని విరిగి, కొత్త పిస్టను కూడా పోతుంది. నేను అడిగితే లేతు ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏ వర్కుషాపు పెద్దాయనా?" అన్నాడు. "మిల్లు ఆయిలర్ని," అన్నాను.

రెండో రోజు తెచ్చుకున్నాము. వేడినీళ్ళు, సబ్బు, గుడ్డతో బ్యారెల్ లోపల బాగా కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే మరక రాకుండా ఉండేదాకా తుడిచి, వెంటనే నూనె పూసినాము. బోరు పొడి కంటికి కనబడదు, కడగకుంటే అదే కొత్త రింగులను తినేస్తుంది. రింగును ఒట్టిగా బ్యారెల్‌లో దించి దాని రెండు కొనల మధ్య సందును ఫీలరు గేజీతో చూడాలి. సందే లేకుంటే వేడికి సాగినప్పుడు కొనలు గుద్దుకుంటాయి. పిస్టను గాడిలో చిన్న మొల ఉంటుంది, రింగు కొనలు దాని రెండు పక్కలా కూర్చోవాలి. పిస్టను తల మీద బాణం గుర్తు సైలెన్సరు పక్కకు ఉండాలి. ఇవన్నీ మా అమ్మాయే చేసింది. నేను స్టూలు మీద కూర్చుని చెప్పినాను, నా కండ్లకు ఇప్పుడు సర్క్లిప్పు సరిగా కనబడదు.

గోడ అవతలి నుంచి ఒకావిడ, "ఆడపిల్ల చేతికి స్పానరు ఇచ్చినావేంది అన్నా?" అని అడిగింది. మా ఆవిడ మిల్లులో వైండింగులో పన్నెండేండ్లు చేసిన మనిషి. "మిషను మీద మేము నిలబడినప్పుడు ఎవరూ అడగలేదే," అనింది. అంతటితో సరిపోయింది.

ఈ సంగతంతా దుబాయి అల్లుడికి ఫోనులో చూపించినాము. అతను పని చేసేది ఎడారిలో తిరిగే నాలుగు చక్రాల బండ్ల గ్యారేజీలో. వాటిని క్వాడ్ అంటారు. లావు టైర్లు, మోటారు సైకిలు హ్యాండిలు, మధ్యలో సీటు. బాడుగకు ఇచ్చేవి ఎక్కువగా ఫోర్ స్ట్రోకులేనంట. కానీ ఇసుక దిబ్బల మీద పందెం మాదిరి ఎక్కే సరదా ఉన్నవాళ్ళ దగ్గర యమహా బాన్షీ అనే టూ స్ట్రోకు బండి ఇంకా ఉందని చెప్తాడు. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మినారు. దానికి రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు, 347 సీసీ, నీళ్ళతో చల్లబడేది. ఆ ఇంజను యమహా ఆర్‌డీ 350 వంశంలోదే. మన దేశంలో 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి అది చుట్టమే అవుతుంది, మనది గాలితో చల్లబడేది అంతే తేడా. మా మిల్లు ఆఫీసరు కొడుకు దగ్గర ఆ రాజ్‌దూత్ ఉండేది. అది గేటు దాటితే షెడ్డులో మాకు తెలిసేది.

అల్లుడు ఫోనులో మా పిస్టను చూసి, "మామా, ఈడ మేము చూసేదీ ఇదే. లక్షల రూపాయల బండి అయినా నూనె లేకుంటే ఇదే గీత. ఈడ ఇంకో శత్రువు ఇసుక," అన్నాడు. క్వాడ్ ఇసుకలో తిరిగి వచ్చిన ప్రతిసారీ గాలి ఫిల్టరు విప్పి కడుగుతారంట. స్పాంజి ఫిల్టరును సబ్బు నీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పట్టించి పిండి, అంచుకు గ్రీసు రాసి మూస్తారు. సన్నటి సందు ఉన్నా ఇసుక లోపలికి పోయి రింగులను ఆకురాయి మాదిరి అరగదీస్తుంది. ఇంకొక మాట కూడా చెప్పినాడు. కార్బొరేటరుకూ బ్యారెల్‌కూ మధ్య గ్యాస్కెట్టు చిరిగి దొంగగాలి పోతే పెట్రోలు పలచనవుతుంది, దాంతో పాటు పోయే నూనె కూడా తగ్గుతుంది, నూనె సరిగా కలిపినా ఇంజను పట్టేస్తుంది. మేము ఆ గ్యాస్కెట్టు పాతదే వేద్దామనుకున్నాము, అతను చెప్పినాక ఇరవై రూపాయలు పెట్టి కొత్తది తెచ్చినాము. మన రోడ్లలో ఎడారి ఇసుక లేకపోయినా పరదరామి పక్క క్వారీ లారీల దుమ్ము ఉంది. మిల్లులో దూది దుమ్ము మన ఊపిరితిత్తులకు ఏమి చేసిందో చూసిన వాళ్ళం. ఇంజనుకు కూడా ఊపిరి ఉంది కదా!

ఇప్పుడు నూనె కలపడం. మా బండికి లీటరుకు 20 మిల్లీ 2టీ నూనె, అంటే 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె. మీ బండి పాతది, టీవీఎస్ 50 లాంటిది అయితే ఇంతకన్నా ఎక్కువ అడుగుతుంది, బండితో వచ్చిన పుస్తకంలో చూసి పోయండి. డబ్బా మీద 2టీ అని ఉండాలి. కారు నూనె, ఫోర్ స్ట్రోకు నూనె పోస్తే బూడిద మిగిలి ప్లగ్గు చెడుతుంది. వంట నూనె గురించి ఒకాయన అడిగినాడు, దండం పెట్టి వద్దన్నాను. ఆముదం మాత్రం ఒకప్పుడు పందెం ఇంజన్లలో వాడేవాళ్ళంట, క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదం గింజకు ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే పేరు నుంచి వచ్చిందే. అది పందెం వాళ్ళ సంగతి, మనకొద్దు. ముందు బంకులో నూనె కొట్టే చేతి పంపు ఉండేది, ఇప్పుడు చాలా చోట్ల లేదు. అందుకే మా అమ్మాయి దగ్గు మందు సీసా మూత ఒకటి బండి డిక్కీలో పెట్టింది. ఆ మూత 10 మిల్లీ. లీటరుకు రెండు మూతలు. నూనె ముందు టాంకులో పోసి ఆ తర్వాత పెట్రోలు పోయిస్తే పెట్రోలు దూకుడుకే బాగా కలుస్తుంది. టాంకు నిండినాక పైన నూనె పోస్తే అది కిందికి దిగి ఒకచోట కూర్చుంటుంది.

పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు, 2025కల్లా 20 శాతానికి వచ్చింది. ఇథనాల్ నీటిని పీల్చుకునే సరుకు. వానాకాలంలో బండి వారాల తరబడి నిలబెడితే ఆ నీళ్ళూ ఇథనాలూ కలిసి టాంకు అడుగున చేరతాయి, ఆ అడుగు నీళ్ళలో మన 2టీ నూనె కలవదు. ఇంజను మొదట తాగేది ఆ అడుగుదే. కాబట్టి బండి నిలిపేటప్పుడు పెట్రోలు తక్కువ ఉంచండి, పాత రబ్బరు ట్యూబు ఉబ్బి మెత్తబడితే మార్చండి. 2021 నవంబరులో పాలారు వరద రోజుల్లో మా వీధిలో పది రోజులు బండ్లు కదల్లేదు. ఆ తర్వాత స్టార్టు కాని వాటిల్లో చాలా వాటికి టాంకులో నీళ్ళే రోగం. మా ఇంటికి తెచ్చినవి మూడు, మూడూ టాంకు కడిగితే నడిచినాయి.

నూనె భయంతో ఎక్కువ పోసేవాళ్ళు కూడా ఉన్నారు. పొగ మేఘం మాదిరి వస్తుంది, ప్లగ్గు నల్లగా తడిసిపోతుంది, సైలెన్సరు లోపల కార్బను గడ్డకట్టి బండి లాగదు. ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను సంగతి తెలుస్తుంది. కాఫీ పొడి రంగు ఉంటే బాగుంది. తెల్లగా ఉంటే వేడెక్కుతా ఉంది, వెంటనే చూడాలి. నల్లగా తడిగా ఉంటే నూనె ఎక్కువ, లేదా గాలి తక్కువ. ఏడాదికి ఒకసారన్నా సైలెన్సరు విప్పి, బ్యారెల్ బయటి తూటులో పేరుకున్న కార్బనును వెదురు పుల్లతో గీకండి, స్క్రూడ్రైవరు వద్దు, పిస్టనుకు గీత పడుతుంది. ఇనుప సైలెన్సరును కాస్టిక్ సోడాలో నానబెట్టేవాళ్ళు ఉన్నారు. మిల్లు వాళ్ళకు కాస్టిక్ అంటే ఏమో తెలుసు, చేతులు కండ్లు జాగ్రత్త. అల్యూమినియం భాగాలు దాంట్లో వేస్తే కరిగిపోతాయి.

పొగ విషయంలో నేను బండి పక్క మాట్లాడను. టూ స్ట్రోకు ఇంజను సరిగా ఉన్నా కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది, తూట్లు తెరిచి ఉండే పద్ధతే అలాంటిది. గవర్నమెంటు ఆపింది సరైన పనే. మా పక్కింటి ఆయనకు కార్డింగు సెక్షనులో పని చేసి వచ్చిన దగ్గు ఇప్పటికీ ఉంది, అందుకే బండి స్టార్టు చేసేముందు మా అమ్మాయి వీధి మొగదాకా తోసుకుపోతుంది. కొత్తది కొనే స్తోమత వచ్చిందాకా ఉన్నదాన్ని తక్కువ పొగతో నడపడం మా చేతిలో ఉండే పని. కార్బను గీకి, నూనె కొలత తప్పకుండా పోస్తే పొగ సగానికి సగం తగ్గడం నేను కంటితో చూసినాను.

బండి ఎనిమిదో రోజు స్టార్టు అయింది. కొత్త పిస్టను కాబట్టి మొదటి రెండు టాంకులకు లీటరుకు మూడు మూతలు పోసినాము. మొదటి అయిదు వందల కిలోమీటర్లు కట్టలు వేయకూడదు, యాక్సిలేటరు సగానికి మించి తిప్పకూడదు అని నేను ఖచ్చితంగా చెప్పేసినాను. పొంగల్ మాత్రం మన కోసం ఆగదు. పరదరామి పక్క నుంచి తేవాల్సిన కట్టలను పిల్లవాడు బస్సులో మోసినాడు, రోజుకు రెండు ట్రిప్పులు, అయిదు రోజులు. వాళ్ళమ్మ అయిదు వందలు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. మా అమ్మాయి రాత్రి పన్నెండు దాకా కుట్టింది, మా మనవరాలు లేబుళ్ళు అంటించింది. భోగి ముందు రోజు సాయంత్రం కట్టలన్నీ కొట్లో పడినాయి. యజమాని లెక్క చూసి, "మాసి నెలకు కూడా రాసుకుంటాను," అన్నాడంట.

అన్నీ కలిపి ఖర్చు రెండు వేల మూడు వందలు అయింది, బస్సు చార్జీలతో సహా. పిల్లవాడు ఇప్పుడు ఆదివారం ఆదివారం వస్తాడు. వాళ్ళ వీధిలో ఇలాంటి బండ్లు నాలుగు ఉన్నాయి, రెండింటికి సైలెన్సరు గీకినాడు. ఇంకొకదానికి ప్లగ్గు తెల్లగా ఉందని చెప్పి మా అమ్మాయిని పిలుచుకుపోయినాడు. చూస్తే కార్బొరేటరు దగ్గర గ్యాస్కెట్టు చిరిగి ఉంది. సంచిలో స్పానర్లు వేసుకుని ఆమె పోతా ఉంటే నేను కూడా వస్తానన్నాను. "నువ్వు ఇంట్లో ఉండు నాయనా, సర్క్లిప్పు నీకు కనబడదు," అని చెప్పి పోయింది.